ఎడమ పక్క స్పీకరు

పోయిన వారం పుంగనూరు నుంచి భాయ్ ఫోన్ చేశాడు. రేడియోల కాలం నుంచీ ఆ ఊళ్ళో రిపేరు షాపు నడుపుతున్న మనిషి. మా అక్క ఇంట్లో ఏది చెడినా ఆయనే రావాలి. "సారూ, అక్క హోం థియేటర్ తీసేయమనింది. డబ్బాలన్నీ మా వీధి ఇస్కూలుకు ఇచ్చేసినాం. వాళ్ళకు మామూలు తీగ చాలు. ఈ లావు తీగలు మీకు ఇమ్మని చెప్పింది, వచ్చి ఎత్తుకపోండి" అన్నాడు. మదనపల్లె నుంచి పుంగనూరు ఏమంత దూరం కాదు. అయినా రెండు రోజులు ఏదో ఒక వంక పెట్టుకుని, మూడో రోజు పోయాను. భాయ్ తీగలన్నిటినీ చుట్టలు చుట్టి, గోనెసంచిలో పెట్టి, మూతి కట్టి ఉంచాడు. ఎత్తితే చెయ్యి లాగేసింది. అక్క గడప దగ్గర నిలబడి, "నువ్వు చెప్తేనే గదరా ఆయన ఇవన్నీ తెచ్చింది. నీ దగ్గరే పెట్టుకో" అంది. అందులో ఎత్తిపొడుపు ఏమీ లేదు. తమ్ముడికి మొగుడి గుర్తుగా ఏదో ఒకటి ఇవ్వాలని ఇచ్చింది. తిరుగు బస్సులో కండక్టరు సంచిని కాలితో తట్టి, "ఏముందప్పా, బోరు మోటారు వైరా?" అని అడిగాడు. అవునన్నాను. అబద్ధం నా నోట ఎంత నున్నగా జారుతుందో నాకు కొత్తగా తెలిసింది కాదు. ఆ సంచిలో ఉన్నదంతా అట్లా జారిన మాటలకు కొన్న రాగే.

మా బావ మదనపల్లె టమోటా మండీలో వేలం పాడేవాడు. అది ఎట్లాంటి పనో చూడనివాళ్ళకు చెప్పాలి. తెల్లారేసరికి చుట్టుపక్కల పల్లెల నుంచి, వాల్మీకిపురం, కలికిరి దిక్కుల నుంచి కూడా క్రేట్లు వచ్చి వరసలు కడతాయి. వేలం పాడేవాడు ఆ వరసల మధ్య ధర పలుకుతూ నడుస్తాడు. ఆయన చుట్టూ నలభై యాభై మంది కొనేవాళ్ళు ఒకరి భుజం మీద నుంచి ఒకరు అరుస్తూ వెంటపడతారు. లారీ హారన్లు, హమాలీల కేకలు, ధర పడిపోతుంటే రైతుల గొణుగుడు. ఆ గోలలో ఎవరు ఎంతన్నారో కనురెప్పపాటులో పట్టుకుని, పైపాట ఎవరిదో తేల్చి ముగించాలి. ఒక్క గొంతు చెవిన పడకపోతే ఒక రైతు ఆ పూటకు నష్టపోతాడు. మా బావ తల తిప్పకుండానే "వెనక మూల తమిళాయన" అనేవాడు. చూస్తే వెనక మూల తమిళాయనే ఉండేవాడు. "నీకు ఒళ్ళంతా చెవులే గదప్పా" అని మండీలో అంటే ఆయన నవ్వడు, మీసం మాత్రం ఒకసారి సర్దుకుంటాడు.

మా నాయన పోయినప్పుడు నేను పదో తరగతి. బావ మా పల్లెకు వచ్చి, నా ట్రంకుపెట్టె తన భుజానికెత్తుకుని, "నడువప్పా" అన్నాడు. వాళ్ళకు పిల్లలు కలగలేదు. బీఎస్సీ, బీఎడ్ అయ్యేదాకా నేను వాళ్ళింట్లోనే పెరిగాను. పరీక్షల రోజుల్లో తెల్లవారుజామున మండీకి పోతూ నా దుప్పటి లాగేసి, లైటు వేసి, నేను లేచి కూర్చునేదాకా గుమ్మంలో నిలబడేవాడు. నాకు మదనపల్లెలో ఫిజిక్సు టీచరు ఉద్యోగం వచ్చిన రోజున మండీ మొత్తానికి టీ పోయించాడు. అప్పటి నుంచి నన్ను పేరు పెట్టి పిలవడం మానేసి "సారూ" అనేవాడు. మొదట ఎగతాళి అనుకున్నాను. కాదు, గర్వం. వానెప్పుడొస్తుందో, ఫ్రిజ్ ఎందుకు మోగుతుందో, రాకెట్టు ఎందుకు కూలిందో, అన్నీ నన్నడిగేవాడు. నాకు తెలియనివి కూడా చెప్పేవాణ్ణి. పెద్దవాడు అంత నమ్మకంతో అడుగుతుంటే తెలియదనడానికి నోరు రాదు.

యాభై దాటాక ఆయనకు ఒక సరదా పుట్టింది. చిన్నప్పుడు ఎక్కడ నాదస్వరం మేళం వినిపించినా వెంట నడిచి వేరే ఊళ్ళో తేలేవాడట. "పొద్దంతా మండీలో గొడవ ఇంటాను. ఇంటికొస్తే ఒక్క గంట మంచిది ఇనాల" అని హోం థియేటర్ కొన్నాడు. నడి ఇంట్లో అయిదు స్పీకర్లు, మూలన ధబ్ధబ్‌మనే పెద్ద డబ్బా. సరిగ్గా మధ్యలో ఒక కుర్చీ. ఆ కుర్చీ కాళ్ళ చోట నేల మీద సుద్దతో గుర్తులు. అక్క ఊడ్చేటప్పుడు కుర్చీ జరిపితే ఊరుకునేవాడు కాదు. మొదటిసారి నన్ను ఆ కుర్చీలో కూర్చోబెట్టి, "కండ్లు మూసుకో సారూ. నాదస్వరం కుడి పక్క, డోలు ఎడమ పక్క, తాళం నడాన. మన ఎదురుగానే కూసోనుండారు సూడు" అన్నాడు. నిజంగానే కూర్చున్నట్టుంది. డోలు వాయించేవాడు ఊపిరి తీసుకోవడం కూడా వినిపించింది.

తీగల పిచ్చి ఏడాది తరవాత మొదలైంది. పాట ఆగినప్పుడు సన్నగా ఒక కూత వినిపిస్తోందని, కీచురాయి మాదిరి ఉందని అన్నాడు. పెట్టెతో వచ్చిన సన్న తీగలు తీసేసి కొంచెం లావువి వేయించాడు. కూత పోలేదు. ఎర్తింగ్ సరిగా లేదన్నాడు. పెరట్లో నడుంలోతు గుంత తవ్వించి, ఉప్పూ బొగ్గులూ పోసి, పైపు దించాడు. "మనిషిని పూడ్చేంత గుంతరా. ఊరగాయకు ఉప్పు లేదంటే వినడు, నేలకు పోస్తాండాడు" అని అక్క నాకు ఫోన్ చేసి మొత్తుకుంది. కూత పోలేదు. ఫోన్లో ఎవరో చెప్పారని, బాణం గుర్తు స్పీకరు వైపు చూసే తీగలు తెప్పించాడు. బంగారు పూత పూసిన పిన్నులు తెప్పించాడు. వాటిని బనానా పిన్నులంటారు. కొరియరతను అట్ట మీద పేరు చదివితే అక్క అరటిపండ్లే వచ్చాయనుకుని పూజగదిలో పెట్టిందట. దాని మీద మేం ముగ్గురం ఎన్నిసార్లు నవ్వుకున్నామో. ఆ నవ్వుల మధ్యే అక్క ఒకసారి, "ఈ మధ్య నేను ఎడమ పక్క నిలబడి పిలిస్తే పలకడంలేదురా" అంది. "మొగుళ్ళందరూ అంతేలే అక్కా" అన్నాను. దానికీ నవ్వుకున్నాం.

తరవాత ఎడమ పక్క స్పీకరు మూగపోతోందన్నాడు. డోలు దూరంగా, ఊరవతల మోగుతున్నట్టు ఉందన్నాడు. ఎడమ తీగ మార్చాడు. రెండు తీగలూ ఒకే పొడవు ఉండాలని ఎవరో అంటే రెండూ మార్చాడు. నాలుగోసారి భాయ్‌ని పిలిపించిన రోజు ఆదివారం, నేనూ అక్కడే ఉన్నాను. భాయ్ ఎక్కువ మాట్లాడే మనిషి కాదు. కాసేపు నేల మీద గొంతుకూర్చుని ఆలోచించి, ఎడమ స్పీకరు, దాని తీగ, దాని పిన్నులు మొత్తం తీసి కుడి పక్కకు, కుడివి తెచ్చి ఎడమ పక్కకు మార్చేశాడు. ఎడమ నుంచి వచ్చే డోలు ఇప్పుడు కుడి నుంచి రావాలి. తీగలో లోపం ఉంటే ఆ లోపం కూడా డోలుతో పాటే కుడికి పోవాలి. తొమ్మిదో తరగతి పిల్లలకు నేను చెప్పే పాఠం అది. ఒక్కొక్కటీ మార్చి చూడు, లోపం దేనితో నడుస్తుందో అదే చెడిన వస్తువు.

బావ కళ్ళు మూసుకుని విన్నాడు. "ఆహా! ఇప్పుడు డోలు బాగుండాది" అన్నాడు. ఇంకొంచెం విని మొహం చిట్లించాడు. "కానీ నాదస్వరం సచ్చిపోయింది గదప్పా. ఈ ఎడమ పక్కకొచ్చిన తీగంతా చెడిపోతాండాది. వాస్తు దోషం ఏమన్నా ఉండాదా?"

భాయ్ ప్లగ్గు పీకేశాడు. గదిలో చీమ చిటుక్కుమనలేదు. "అన్నా, ఇప్పుడు కూత ఉందా?"

"ఉండాదే. అదే గదా నేను చెప్తాండేది!"

భాయ్ నా వైపు చూశాడు. నేను చూపు తిప్పుకున్నాను. ఆయన చేతిలోని స్క్రూడ్రైవరు కింద పెట్టి, మెల్లగా, "అన్నా, తీగలో ఏం లేదు. కైకూ ఊరికే మార్చేది? ఒకసారి చెవి డాక్టరుకు చూపించుకో" అన్నాడు.

బావ ఒక్కసారి లేచాడు. "నా చెవికా? నా చెవికి రోగమా? పోయి మండీలో అడుగప్పా నా చెవి సంగతి! నీకు పని చేతగాక నా చెవి మీద పెడతాండావా?" ఆయన గొంతు అట్లా పగలడం నేనెప్పుడూ వినలేదు. కోపం కన్నా భయం ఎక్కువుంది అందులో. ఆ భయంతోనే నా వైపు తిరిగాడు. "ఏం సారూ, నువ్వు సైన్సు చదివినోడివి. నువ్వు చెప్పు. నీకెట్ల ఇనపడతాండాది?"

నాకు రెండు స్పీకర్లూ సమానంగా వినిపించాయి. అది చెప్పి ఉంటే ఆయన నన్ను తిట్టేవాడు. పది రోజులు మాట్లాడేవాడు కాదేమో. పదకొండో రోజు చెవి చూపించుకునేవాడు. కానీ నాకు ఆ క్షణంలో మండీ కనిపించింది. చెవి పోయినవాణ్ణి వేలం పాడనిస్తారా? ఆ వరసల మధ్య నడిచే హక్కు పోతే ఈయన ఏమైపోతాడు? ఇట్లా అనుకున్నానని ఇప్పుడు చెప్పుకుంటున్నాను. నిజంగా అంత ఆలోచించానో, లేక అలవాటు కొద్దీ ఆయనకు నచ్చే మాట అనేశానో తెలియదు.

"ఎడమ పక్క కొంచెం తక్కువే బావా" అన్నాను.

"ఇన్నావా భాయ్?" అన్నాడు బావ. భాయ్ సామాన్లు సంచిలో వేసుకుని, అక్క ఇచ్చిన టీ అట్లాగే వదిలేసి బయటికి నడిచాడు. సాగనంపడానికి గేటు దాకా వెళ్ళాను. చెప్పులు వేసుకుంటూ, "మీరు కూడానా సారూ?" అన్నాడు. అంతే.

భాయ్ చేతికి ఇక పని ఇవ్వనని బావ పట్టుబట్టాడు. కుప్పంలో ఒకాయన పెద్ద తీగలు బెంగుళూరు నుంచి తెప్పిస్తాడని మండీలో ఎవరో చెబితే, తరవాతి ఆదివారం కారు మాట్లాడుకుని ఇద్దరం బయలుదేరాం. ఆ ప్రయాణం నాకు ఇప్పటికీ ఇష్టమైన జ్ఞాపకమే, అదే బాధ. పలమనేరు దాటాక గాలి చల్లబడింది. వెంకటగిరికోటలో ఆగి ఇడ్లీ తిన్నాం. తన చిన్నప్పటి మేళాల కబుర్లు చెబుతూనే ఉన్నాడు. నన్ను మాత్రం పట్టుబట్టి తన కుడి పక్కనే కూర్చోబెట్టుకున్నాడు. కుప్పంలో కారు దిగుతూ ఎడమకు తూలాడు. పట్టుకున్నాను. "కూసోని కూసోని కాలు తిమ్మిరెక్కింది" అన్నాడు. నేను సరేనన్నాను.

షాపాయన తమిళం కలిసిన తెలుగులో, "వాంగ సార్, రండి, ఇది వేరే లెవలు. గాలి దూరని రాగి సార్" అంటూ మమ్మల్ని లోపలి గదికి తీసుకుపోయాడు. బొటనవేలంత లావు తీగలు, మా ఇంట్లో బీరువా అంత స్పీకర్లు. బావను మధ్య కుర్చీలో కూర్చోబెట్టి నాదస్వరం పెట్టాడు. బావ కళ్ళు మూసుకున్నాడు. నేను ఆయన మొహం చూస్తున్నాను. మొదట చిన్న నవ్వు వచ్చింది. తరవాత అది పోయింది. కళ్ళు తెరిచి ఎడమ స్పీకరు వంక చూశాడు. అక్కడ డోలు మోగుతోందని కంటికి తెలుస్తోంది, స్పీకరు గుండె అదురుతోంది. మెల్లగా తల తిప్పి, కుడి చెవి దాని వైపు పెట్టాడు. మళ్ళీ నేరుగా కూర్చున్నాడు. మళ్ళీ తిప్పాడు. ఇక్కడ తన ఇల్లు లేదు, తన తీగలు లేవు, గోడ లేదు, వాస్తు లేదు. అన్నిటికన్నా మంచి సామాను ముందు కూర్చున్నా ఎడమ పక్క మూగగానే ఉంది. అప్పుడు నా వైపు చూశాడు. కోపం లేదు, పంతం లేదు. పరీక్ష తప్పానేమోనని నేను ఒకప్పుడు ఆయన వైపు చూసిన చూపు అది.

"ఏం సారూ?" అన్నాడు, చాలా నెమ్మదిగా.

నిజం కోసమే అడిగాడని నాకు తెలుసు. పుంగనూరులో అడిగింది సాక్ష్యం కోసం. ఇక్కడ అడిగింది నిజం కోసం. షాపాయన కూడా పాట ఆపి నా జవాబు కోసం చూస్తున్నాడు.

"ఈ గది ఇరుకు బావా. ఈడ సరిగా తెలీదు. ఇంటికి పోయి తగిలించి చూద్దాం" అన్నాను.

బావ కాసేపు నన్నే చూసి, తల ఊపాడు. "సారు చెప్పినాడు గదా. ఇచ్చేయప్పా" అన్నాడు షాపాయనతో. తిరుగు దారిలో మేళాల కబుర్లు చెప్పలేదు. నిద్ర వస్తోందన్నాడు గానీ నిద్రపోలేదు.

కొత్త తీగలు తగిలించాక నేను ఎప్పుడు పోయినా, "బాగుండాది సారూ, ఇప్పుడు బాగుండాది" అనేవాడు. కుర్చీ మాత్రం సుద్ద గుర్తుల మీద లేదు. కుడి చెవి స్పీకర్ల వైపు వచ్చేట్టు పక్కకు తిరిగి ఉంది. అక్క ఊడ్చేటప్పుడు జరిపిందనుకున్నాను. అట్లా అనుకోవడం తేలిక. నేను ఆయన కోసం అబద్ధమాడానని, ఆయన నా కోసం ఆడుతున్నాడని, ఇద్దరం ఒకరినొకరు కాపాడుకుంటున్నామని ఇప్పుడు తెలుస్తోంది. అట్లా ఏడాదిన్నర గడిచింది.

మండీలో ఒక పొద్దున బావ వెలిగల్లు వైపు పల్లె రైతు ఒకాయన సరుకు వేలం పాడుతున్నాడు. ఎడమ పక్క నుంచి ఒక బేరగాడు మూడుసార్లు పైపాట పాడాడట. బావకు వినపడలేదు. తక్కువ పాడినవాడికే కొట్టేశాడు. రైతు చొక్కా పట్టుకున్నాడు. "సెవుడా నీకు? నా నోట్లో మన్ను కొట్టినావే!" అని అందరి ముందూ అరిచాడు. బావ ఏదో చెప్పబోయి, తూలి, క్రేట్ల మీద పడిపోయాడు. నేను బడి నుంచి పరుగెత్తుకుంటూ వెళ్ళేసరికి ఆయన్ని టీ బంకు బల్ల మీద పడుకోబెట్టి ఉన్నారు. తెల్ల చొక్కా మీద టమోటా రసం. చొక్కా పట్టుకున్న రైతే తలకింద తువ్వాలు పెట్టి అట్టముక్కతో విసురుతున్నాడు. బావ నా చెయ్యి పట్టుకుని, "ఆయప్పకు నష్టం చేసినాను సారూ" అన్నాడు. అదొక్కటే అన్నాడు.

బెంగుళూరులో పెద్దాసుపత్రికి తీసుకుపోయాం. స్కానింగ్ తీశారు. చెవి నుంచి మెదడుకు పోయే నరం మీద గడ్డ ఉందని, నిమ్మకాయంత ఉందని డాక్టరు చెప్పాడు. తెలుగాయనే. నిదానమైన మనిషి. "ఇది చాలా మెల్లగా పెరిగేది. మొదట్లో ఒక చెవి మందగిస్తుంది, కూత వినిపిస్తుంది. అప్పుడే వచ్చుంటే చిన్నదానికి చిన్న వైద్యంతో పోయేది. మీకు మొదట ఎప్పుడు తెలిసింది?" అని అడిగాడు.

"శానా ముందే తెలిసింది సార్" అన్నాడు బావ. "తీగలో లోపం అనుకున్నాం. మా బామ్మర్ది గూడా అట్లే అన్నాడు."

నన్ను ఇరికించడానికి అన్న మాట కాదు. తాను తెలివితక్కువ పని చేయలేదని, చదువుకున్నవాణ్ణి అడిగే చేశానని చెప్పుకోవడానికి అన్నాడు. డాక్టరు నా వైపు తిరిగి, "మీరేం చేస్తారు?" అని మర్యాదగానే అడిగాడు. ఫిజిక్సు టీచరునని చెప్పాను. ఆయన కాగితం మీద ఏదో రాసుకున్నాడు. అది నా గురించి అయ్యుండదు.

ఆపరేషన్‌లో గడ్డ మొత్తం రాలేదు. ఎడమ చెవి పూర్తిగా పోయింది. మొహం ఎడమ సగం జారిపోయింది. ఎడమ కన్ను మూతపడేది కాదు, దూది పెట్టి అంటించేవాళ్ళు. పెదవులు కలవక మాట ముద్దగా వచ్చేది. మండీలో అంతమందిని నిలబెట్టిన గొంతు అక్కను మంచినీళ్ళు అడగడానికి రెండుసార్లు ప్రయత్నించేది. మండీ నుంచి మొదట్లో చాలామంది వచ్చారు, తరవాత కొందరు, తరవాత భాయ్ ఒక్కడే. వచ్చి కుడి పక్క కూర్చుని, ఊళ్ళో సంగతులు నాలుగు చెప్పి పోయేవాడు. హోం థియేటర్ మీద అక్క దుప్పటి కప్పింది. ఒకసారి నేను పెట్టబోతే బావ చెయ్యి అడ్డం ఊపాడు.

ఒక సాయంత్రం, ఎండ ఇంకా వీధిలో ఉంది, ఆయన వరండాలో కూర్చుని ఉన్నాడు. అక్క గుడికి పోయింది. చెప్పాలనే ఆ రోజు మదనపల్లె నుంచి బయలుదేరాను. బస్సంతా మాటలు కూడబలుక్కుంటూ వచ్చాను. స్టూలు లాక్కుని ఆయన పక్కన కూర్చుని, అంతా చెప్పాను. భాయ్ స్పీకర్లు మార్చిన రోజే నాకు అర్థమైందని చెప్పాను. కుప్పంలో నువ్వు అడిగింది నాకు తెలుసునని, తెలిసే ఆ మాట అన్నానని చెప్పాను. ఏడ్చాను కూడా. బావ వీధిలోకి చూస్తూనే ఉన్నాడు. మొహంలో కదలిక లేదు. నేను కూర్చున్న వైపు మొహంలో కదలిక ఉండదని, నేను కూర్చుంది ఎడమ పక్కనని అప్పుడు గమనించాను. స్టూలు వేయడానికి కుడి పక్క కూడా చోటుంది.

నా భుజం కదలడం కంటికి తగిలిందేమో, ఒళ్ళంతా తిప్పి నా వైపు చూశాడు. "ఏవన్నా అంటాండావా సారూ?" అన్నాడు, ముద్ద మాటలతో.

"ఏం లేదు బావా. ఎండ తగ్గింది అంటాండా" అన్నాను.

ఆయన వీధి చూసి, అవునన్నట్టు తల ఊపాడు. నాలుగు నెలలకు పోయాడు. ఈ నెలకు ఏడాది. కుప్పంలో నిజం చెప్పడానికి నాకు అర నిమిషం చాలు. ఆ తరవాత ఆయన పక్కన ఎన్నో గంటలు కూర్చున్నాను గానీ, ఆ అర నిమిషం వాటిలో ఎక్కడా లేదు.